హార్బర్ ముందు రాతికట్ట: బ్రేక్‌వాటర్‌ను ఎలా డిజైన్ చేస్తారు? పక్క ఊరి తీరం ఎందుకు కోతకు గురవుతుంది?

కొత్త పోర్టు గురించో, ఫిషింగ్ హార్బర్ గురించో వార్త వస్తే అందులో ‘బ్రేక్‌వాటర్’ అనే మాట తప్పకుండా కనిపిస్తుంది. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట పోర్టుల్లోనూ ముందుగా మొదలుపెట్టే, ఎక్కువ కాలం పట్టే పనుల్లో ఇదొకటి. చూసేవాళ్లకు అది సముద్రంలోకి పోసిన రాళ్ల గుట్టలా ఉంటుంది. కానీ ఆ గుట్టలో ఏ రాయి ఎక్కడ ఉండాలో, ఎంత బరువు ఉండాలో, కట్ట ఏ మలుపు తిరగాలో ముందే లెక్క కడతారు.

ఆ లెక్కలో ప్రధానమైన ప్రశ్నలు రెండు. అల ఎంత పెద్దది? ఇసుక ఎటు పోతోంది? మొదటిది తప్పితే కట్ట కొట్టుకుపోతుంది. రెండోది తప్పితే కట్ట నిలబడుతుంది, పక్క ఊరు సముద్రంలో కలుస్తుంది. సాధారణంగా మొదటి ప్రశ్నకు దొరికినంత శ్రద్ధ రెండోదానికి దొరకదు.

బ్రేక్‌వాటర్ ఎందుకు?

జెట్టీ వద్ద నీళ్లు నిలకడగా ఉంటేనే బోటు నుంచి చేపలు దించగలం, ఓడ నుంచి సరుకు ఎత్తగలం. అలలు నేరుగా లోపలికి వస్తే తాళ్లు తెగుతాయి, బోట్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. తుపాను సమయంలో అయితే బోట్లు ఏకంగా ఒడ్డున పడి పగిలిపోతాయి.

ప్రకృతి కొన్నిచోట్ల ఈ పని తానే చేసిపెట్టింది. కాకినాడకు ఎదురుగా గోదావరి ఒండ్రుతో ఏర్పడిన పొడవాటి ఇసుకదిబ్బ హోప్ ఐలాండ్ అలలకు అడ్డుగా నిలిచింది. విశాఖలో డాల్ఫిన్ నోస్ కొండ ఒక పక్క కాపు కాస్తుంది. దాదాపు వెయ్యి కిలోమీటర్ల ఆంధ్ర తీరంలో మిగతా భాగం చాలావరకు బంగాళాఖాతానికి నేరుగా తెరుచుకుని ఉన్న ఇసుక తీరమే. అలాంటి చోట నిశ్చలమైన నీళ్లు కావాలంటే కట్ట కట్టుకోవాల్సిందే.

మన దేశంలో ఎక్కువగా కట్టేది రాళ్లను వాలుగా పేర్చిన కట్ట. జపాన్ లాంటి చోట్ల పెద్ద కాంక్రీటు పెట్టెలను నీటిలో దించి నిలువు గోడలా కట్టేవి కూడా చాలా ఉన్నాయి. నిలువు గోడ అలను వెనక్కి కొడుతుంది. రాతికట్ట మాత్రం అలను తనలోకి రానిచ్చి, రాళ్ల సందుల్లో తిప్పి తిప్పి దాని శక్తిని అరగదీస్తుంది. అందుకే రాళ్ల మధ్య ఖాళీలను లోపంగా చూడకూడదు. అసలు పనిచేసేది ఆ ఖాళీలే. వాటిని సిమెంటుతో పూడిస్తే కట్ట బలపడదు, అల దెబ్బ మొత్తం దాని మీద పడుతుంది.

ఎంత అలకు కట్టాలి?

సముద్రంలో అలలన్నీ ఒకే ఎత్తున ఉండవు. అందుకే ఇంజినీర్లు ఒక ప్రామాణిక ఎత్తు తీసుకుంటారు. కొంతసేపు వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతును విడదీసి, వాటి సగటు ఎత్తును లెక్కిస్తారు. వాతావరణ హెచ్చరికల్లో ‘అలల ఎత్తు 3 మీటర్లు’ అని చెప్పేది సాధారణంగా ఇదే. అంటే ఆ సమయంలో అప్పుడప్పుడూ ఒక అల దీనికి దాదాపు రెట్టింపు ఎత్తున కూడా రావచ్చు.

తర్వాత, పాత తుపానుల రికార్డులు, బోయల కొలతలు, కంప్యూటర్ నమూనాలు కలిపి ‘నూరేళ్లకోసారి వచ్చే అల’ ఎంత అని అంచనా వేస్తారు. ఈ మాటను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒకసారి వచ్చాక మళ్లీ నూరేళ్ల వరకు రాదని దీని అర్థం కాదు. ఏ సంవత్సరమైనా అది వచ్చే అవకాశం నూటికి ఒక వంతు ఉందని అర్థం. కట్ట ఆయుష్షు 50 ఏళ్లు అనుకుంటే, ఆ కాలంలో కనీసం ఒక్కసారైనా అలాంటి అల వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. నూరేళ్ల అలకు కట్టాం కాబట్టి ఇక భయం లేదనుకోవడం సరికాదన్నమాట.

లోతు సంగతి కూడా చూడాలి. అల ఎత్తు నీటి లోతులో సుమారు నాలుగింట మూడు వంతులు దాటితే అది విరిగిపోతుంది. 5 మీటర్ల లోతులో సుమారు 4 మీటర్లకు మించిన అల నిలవదు. అందుకే తీరానికి దగ్గరగా ఉన్న కట్టకు పెద్ద అల ముప్పు తక్కువ. అయితే తుపానుతో ఉప్పెన వచ్చి నీటిమట్టం 2 మీటర్లు పెరిగితే, అక్కడిదాకా రాగలిగే అల ఎత్తు కూడా మీటరున్నర పెరుగుతుంది. మన తీరంలో ఈ రెండూ కలిసే వస్తాయి. అల లెక్కలో ఉప్పెన లేకపోతే ఆ డిజైన్‌కు అర్థం లేదు.

రాయి ఎంత బరువు ఉండాలి?

కట్ట పైపొరలో రాయి ఎంత బరువు ఉండాలో చెప్పడానికి ఎక్కువగా వాడే సూత్రం హడ్సన్ సూత్రం. అమెరికా సైన్యపు ఇంజినీరింగ్ ప్రయోగశాలలో రాబర్ట్ హడ్సన్ 1950లలో చేసిన పరీక్షల నుంచి ఇది వచ్చింది. తర్వాత అలల వ్యవధిని, తుపాను ఎంతసేపు ఉంటుందన్నదాన్ని కూడా కలిపి చూసే సూత్రాలు వచ్చాయి. అయినా తొలి అంచనాకు నేటికీ హడ్సన్ సూత్రమే అక్కరకొస్తుంది.

ఇందులో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. కావలసిన రాయి బరువు అల ఎత్తు ఘనంతో పెరుగుతుంది. అల రెట్టింపయితే రాయి బరువు ఎనిమిది రెట్లు కావాలి. ఒక సాధారణ లెక్క చూద్దాం. కట్ట వాలు రెండుకు ఒకటి, గరుకు కొండరాయి, కట్ట ముందు విరగని అల అనుకుంటే:

- 3 మీటర్ల అలకు రాయి బరువు సుమారు 2.25 టన్నులు
- 4 మీటర్ల అలకు సుమారు 5.3 టన్నులు
- 6 మీటర్ల అలకు సుమారు 18 టన్నులు

అల సరిగ్గా కట్ట మీదే విరిగే చోట బరువు ఇంకా ఎక్కువ కావాలి. అంటే అల ఎత్తును ఒక మీటరు తక్కువగా అంచనా వేస్తే రాయి బరువులో సగానికి పైగా తేడా వస్తుంది. డిజైన్ ఖర్చులో, గట్టిదనంలో మొదటి ప్రశ్నకు ఎంత విలువ ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

కట్ట లోపల ఏముంటుంది?

రాతికట్టను అడ్డంగా కోసి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. మధ్యలో క్వారీ నుంచి వచ్చిన చిన్నా పెద్దా రాళ్లు కలిపి పోసిన గర్భం ఉంటుంది. కట్టలో ఎక్కువ భాగం ఇదే. దాని మీద మధ్యరకం రాళ్ల పొర వేస్తారు. ఇందులో రాయి బరువు పైపొర రాయిలో సుమారు పదో వంతు ఉండేలా చూస్తారు. అన్నిటికీ పైన పెద్ద రాళ్లతో, లేదా కాంక్రీటు దిమ్మెలతో కవచం లాంటి పైపొర ఉంటుంది.

మధ్య పొర ఎందుకంటే, అల వెనక్కి వెళ్లేటప్పుడు లోపలి నీళ్లు బయటికి ఉరుకుతాయి. పెద్ద రాళ్ల సందుల్లోంచి గర్భంలోని చిన్న రాళ్లను లాక్కుపోతాయి. అలా గర్భం ఖాళీ అయితే పైన ఉన్న పెద్ద రాయి దానంతటదే కుంగిపోతుంది. మధ్య పొర ఒక జల్లెడలా ఈ నష్టాన్ని ఆపుతుంది.

ఇక కట్ట పాదం. అలలు ముందున్న ఇసుకను తవ్వేస్తే పైపొర జారిపోతుంది. అందుకే పాదం దగ్గర ప్రత్యేకంగా రాళ్ల మెట్టు కడతారు. సముద్రం వైపున్న కట్ట చివరి భాగం మీద అలలు మూడు వైపుల నుంచీ పడతాయి. కాబట్టి అక్కడ మిగతా కట్ట కంటే బరువైన దిమ్మెలు వేస్తారు.

పని జరుగుతున్నప్పుడు కూడా ప్రమాదమే. పైపొర వేయని గర్భం తుపానుకు నిలవదు. కేరళలోని విళింజం పోర్టులో కడుతూ ఉన్న బ్రేక్‌వాటర్‌లో కొంత భాగం 2017లో ఓఖీ తుపానుకు దెబ్బతింది. తుపానుల కాలం వచ్చేసరికి గర్భం ఎంతవరకు బయటపడి ఉండొచ్చన్నది కూడా డిజైన్‌లో భాగమే.

టెట్రాపాడ్లు ఎందుకు?

క్వారీలో పది టన్నులకు మించిన గట్టి రాళ్లు అవసరమైనన్ని దొరకడం కష్టం, వాటిని తరలించడం ఇంకా కష్టం. అందుకే నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మె టెట్రాపాడ్ వచ్చింది. 1950లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ప్రయోగశాలలో దీన్ని తయారు చేశారు. కాళ్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి కాబట్టి అదే వాలులో, అదే బరువున్న రాయి కన్నా టెట్రాపాడ్ మెరుగ్గా నిలుస్తుంది. వాటి మధ్య ఖాళీలు కూడా ఎక్కువ.

అయితే ఆకారాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో పోర్చుగల్‌లోని సీనెష్ పోర్టు చూపించింది. అక్కడ 50 మీటర్ల లోతు దాకా కట్టిన బ్రేక్‌వాటర్‌కు 42 టన్నుల డోలోస్ దిమ్మెలు వాడారు. సన్నటి నడుము, రెండు చివర్లా అడ్డదిడ్డంగా కాళ్లు ఉండే దిమ్మె ఇది. 1978 ఫిబ్రవరిలో వచ్చిన తుపానుకు వాటిలో ఎక్కువ భాగం విరిగిపోయి కట్ట దెబ్బతింది. దిమ్మె పరిమాణం పెరిగితే దాని బరువూ అదే లెక్కన పెరుగుతుంది. కాంక్రీటు గట్టిదనం మాత్రం పెరగదు. చిన్న నమూనాలో కాస్త కదిలినా విరగని కాడ, అసలు సైజులో పుటుక్కున విరిగింది. ఆ తర్వాతే దిమ్మె స్థిరంగా ఉందా అన్నదాంతోపాటు విరగకుండా ఉంటుందా అన్నది కూడా ఇంజినీర్లు గట్టిగా పట్టించుకోవడం మొదలైంది.

ముఖద్వారం ఎటు ఉండాలి?

హార్బర్ నోరు అలలు ఎక్కువగా వచ్చే దిక్కుకు నేరుగా ఉండకూడదు. అలాగని మరీ ఇరుకుగా, మలుపు తిరిగి ఉంటే బోటు అల మీద పక్కకు తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది. పైగా నోటి దగ్గర ఇసుక మేట వేస్తే లోతు తగ్గి, అక్కడే అలలు విరుగుతాయి. కేరళలో తిరువనంతపురం జిల్లా ముతలపొళి ఫిషింగ్ హార్బర్ నోటి వద్ద బోట్లు బోల్తా పడి ఎందరో మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. అక్కడ నీటి నుంచి తీసే ఇసుక గురించి, కట్టల పొడవు గురించి ఏళ్ల తరబడి ఆందోళనలు జరిగాయి. రక్షణ కోసం కట్టినదే ప్రాణాల మీదికి తెచ్చే పరిస్థితి ఇది.

అందుకే పెద్ద కట్టలను నేరుగా సముద్రంలో కట్టేయరు. ముందు చిన్న నమూనా కట్టి, కృత్రిమ అలలతో పరీక్షిస్తారు. మన దేశంలో ఈ పనికి పేరున్న సంస్థ పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం. అది 1916 నుంచి పనిచేస్తోంది. ఏ దిక్కు నుంచి అల వస్తే జెట్టీ దగ్గర ఎంత ఊపు ఉంటుంది, ఎన్ని దిమ్మెలు కదిలాయి, కట్ట మీదుగా ఎంత నీరు దూకింది అన్నవి ఆ నమూనాలో చూస్తారు. మత్స్యకారుల అనుభవం అక్కరకొచ్చేదీ ఈ దశలోనే. ఏ నెలలో మొగ ఎటు జరుగుతుందో, ఏ గాలికి నీరు ఎలా తిరుగుతుందో రోజూ వేటకు వెళ్లేవాళ్లకు తెలిసినంతగా రెండేళ్ల కొలతలకు తెలియకపోవచ్చు.

ఇసుక సంగతి ఏమిటి?

అల తీరానికి ఏటవాలుగా వస్తే ఇసుకను కొంచెం కొంచెంగా పక్కకు నెడుతుంది. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఇసుక ఉత్తరానికి కదులుతుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద మిగులు ఉత్తరం వైపే. అది ఏటా లక్షల క్యూబిక్ మీటర్లలో ఉంటుంది. తీరం చూడ్డానికి నిలకడగా ఉన్నా, నిజానికి అది దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక నది.

దానికి అడ్డంగా కట్ట వేస్తే ఏమవుతుంది? దక్షిణాన ఇసుక పేరుకుని బీచ్ పెరుగుతుంది. ఉత్తరానికి రావాల్సిన ఇసుక ఆగిపోతుంది. కానీ అక్కడి ఇసుకను అలలు ముందుకు నెట్టడం మాత్రం ఆగదు. జమ లేకుండా ఖర్చు సాగినట్టు తీరం తరిగిపోతుంది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ చెన్నై. మద్రాసు హార్బర్‌కు 1875లో శంకుస్థాపన జరిగింది. 1881 నవంబరు తుపానులో బ్రేక్‌వాటర్లు దెబ్బతిన్నాయి, మళ్లీ కట్టారు. హార్బర్‌కు దక్షిణాన చేరిన ఇసుకతోనే నేటి మెరీనా బీచ్ విశాలమైంది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురై, రాళ్ల గోడలు కట్టాల్సి వచ్చింది. ఒకే కట్ట ఒక పక్క నగరానికి బీచ్‌ను ఇచ్చి, మరో పక్క మత్స్యకార పల్లెల తీరాన్ని తీసుకుంది.

పుదుచ్చేరిలో 1980ల చివర హార్బర్ కోసం కట్టలు కట్టాక ఉత్తరాన ఉన్న నగర బీచ్ మాయమైంది. ఇసుకను పంపు చేసి అటు వేయాలన్న ఏర్పాటు ప్రణాళికలో ఉన్నా క్రమం తప్పకుండా జరగలేదు. చివరికి 2018లో సముద్రంలో కృత్రిమ దిబ్బను ఏర్పాటు చేసి, ఇసుక పోశాకే బీచ్‌లో కొంత భాగం తిరిగి వచ్చింది.

విశాఖ కథ కొంచెం వేరు. 1933లో పోర్టు ప్రారంభమయ్యే నాటికే అక్కడి ఇంజినీర్లకు ఇసుక సమస్య తెలుసు. ఓడలు వెళ్లే కాలువ పూడిపోకుండా, దానికి దక్షిణాన రెండు పాత ఓడలను ముంచి రాళ్లు నింపి దీవి లాంటి బ్రేక్‌వాటర్ ఏర్పాటు చేశారు. దాని చాటున చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి ఉత్తరాన పోసేవారు. 1976లో మూడు బ్రేక్‌వాటర్లతో ఔటర్ హార్బర్ వచ్చాక కూడా ఇదే పద్ధతి కొనసాగింది. కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్ వైపు డ్రెడ్జర్ ఇసుక పోయడం విశాఖ వాసులకు తెలిసిన దృశ్యమే. ఆ పని ఆలస్యమైనా, పోసిన ఇసుక చాలకపోయినా, తుపాను వచ్చినా బీచ్ రోడ్డు దాకా కోత వస్తుంది.

ఈ మూడు ఊళ్లూ చెప్పేది ఒకటే. బ్రేక్‌వాటర్ ఖర్చు కట్టిన రోజుతో తీరదు. ఇసుకను ఒక పక్క నుంచి మరో పక్కకు చేర్చే ఖర్చు కట్ట ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఆ ఖర్చు ప్రాజెక్టు పద్దులో లేకపోతే ఉత్తరాన ఉన్న ఊరు తన ఇళ్లతో, తెప్పలు లాగే ఒడ్డుతో దాన్ని చెల్లిస్తుంది.

మీ ఊరి దగ్గర కడుతుంటే ఏం అడగొచ్చు?

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ పరిధిలో పోర్టులు, హార్బర్లు, బ్రేక్‌వాటర్లు, డ్రెడ్జింగ్ ఉన్నాయి. నిర్ణీత పరిమాణంలో చేపలు దించే సామర్థ్యమున్న ఫిషింగ్ హార్బర్లకూ ఇది వర్తిస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కాలుష్య నియంత్రణ మండలి ఆధ్వర్యంలో సభ జరుగుతుంది. కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభకు వెళ్లలేనివారు రాతపూర్వకంగానూ అభిప్రాయం చెప్పొచ్చు. ఇవి కాక తీరప్రాంత నియంత్రణ నిబంధనల కింద సీఆర్‌జడ్ అనుమతి కూడా కావాలి.

ఆ సభలో ‘హార్బర్ కావాలా, వద్దా’ అన్నదాంతో ఆగిపోకుండా ఈ ప్రశ్నలు వేయొచ్చు:

- డిజైన్‌కు ఎంత ఎత్తు అలను తీసుకున్నారు? అందులో ఉప్పెన నీటిమట్టం కలిపారా?
- ముఖద్వారం దిశను నమూనాలో పరీక్షించారా? చిన్న బోట్లు పోటుకు, పాటుకు లోపలికి రాగలవా?
- ఈ తీరంలో ఏటా ఎంత ఇసుక, ఎటు కదులుతోంది? ఎన్నేళ్ల కొలతల ఆధారంగా చెబుతున్నారు?
- ఉత్తరాన ఎన్ని కిలోమీటర్ల దాకా కోత రావచ్చు? అందులో ఏ ఊళ్లు ఉన్నాయి?
- ఇసుకను అటు చేర్చే బాధ్యత ఎవరిది? దానికి ఏటా నిధులు ఎక్కడి నుంచి?
- నోటి దగ్గర లోతు తగ్గితే ఎన్ని రోజుల్లో డ్రెడ్జింగ్ చేస్తారు?

చివరి మూడింటికి ‘అవసరమైతే చూస్తాం’ అన్నది జవాబు కాదు. ఎంత ఇసుక, ఏ నెలలో, ఏ నిధులతో అన్నది అనుమతి షరతుల్లో రాసి ఉండాలి. అనుమతి వచ్చాక ఆ షరతుల అమలుపై ఏటా జూన్ 1, డిసెంబరు 1 తేదీల నాటికి నివేదికలు ఇవ్వాలి. అవి ప్రజలు చూడదగిన పత్రాలే. అనుమతి పత్రాలను కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వెతకొచ్చు.

కట్టాక పని అయిపోయినట్టేనా?

కాదు. రాతికట్ట తుపానుకు కొంత దెబ్బతింటుందని ముందే అనుకుని డిజైన్ చేస్తారు. కొన్ని రాళ్లు దొర్లడం సహజం. వాటిని తిరిగి పేర్చకుండా వదిలేస్తే తర్వాతి తుపాను ఆ గండి నుంచే గర్భాన్ని తోడేస్తుంది. అందుకే ప్రతి పెద్ద తుపాను తర్వాత కట్ట పైభాగాన్ని, నీటి కింద పాదాన్ని కూడా సర్వే చేయాలి. విరిగిన దిమ్మెలను లెక్కపెట్టాలి. విడి దిమ్మెలు కొన్ని దగ్గర్లో సిద్ధంగా ఉంచుకోవాలి. దానితోపాటు ఉత్తర తీరపు రేఖను కూడా ఏటా ఒకే నెలలో కొలవాలి. రుతువును బట్టి తీరం ముందుకీ వెనక్కీ జరుగుతుంది కాబట్టి, వేర్వేరు నెలల కొలతలను పోలిస్తే కోతను దాచనూవచ్చు, పెంచి చూపనూవచ్చు.

ఫిషింగ్ హార్బర్ వస్తే పట్టిన చేపకు మంచి ధర, బోటుకు భద్రత, తుపాను రోజుల్లో ఆశ్రయం దొరుకుతాయి. తీరంలో దాని అవసరాన్ని ఎవరూ కాదనరు. ఆ మేలు ఒక ఊరికి దక్కి, కోత మరో ఊరికి మిగలకుండా చూడాలంటే, అలకు వేసినంత శ్రద్ధగా ఇసుకకూ లెక్క వేయాలి. ఆ లెక్క రాళ్లు పడకముందే కాగితం మీద కనిపించాలి.